నింజాకు చుట్టాలు లేరు

జనగామలో మా ఎరువుల దుకాణం మీద ఒక గది ఉంది. కింద యూరియా వాసన, పైన మా ఆట. నెలకు రెండు ఆదివారాలు అక్కడ నలుగురం కూర్చుని, కాగితాలు, పెన్సిళ్ళు, పాచికలు ముందేసుకుని లేని రాజ్యాల్లో తిరుగుతుంటాం. ఈ ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. ఒకరు కథ నడుపుతారు, మా దగ్గర ఆ పని నాది. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక వేషం వేస్తారు. "ముందు గుహ ఉంది, ఏం చేస్తారు?" అని నేను అడుగుతాను. వాళ్ళు చెబుతారు. చేసిన పని ఫలించిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఇందులో పందేలుండవు, పైసలు పెట్టరు. ఈ చివరి మాట మా బాపు ఇంతవరకూ నమ్మలేదు. పైన పాచిక దొర్లిన చప్పుడు వినపడినప్పుడల్లా దుకాణానికి వచ్చిన రైతులతో "పోరగాండ్లు పైన స్టాకు లెక్కవెడుతున్నరు" అంటాడు. ఆ పోరగాళ్ళలో ఒకరికి బట్టతల, ఇంకొకరికి షుగరు.

షుగరున్నాయన మా బావ, అంటే మా అక్క భర్త. మొగుళ్లపల్లి మండలంలో ఊరు. పొలం, పత్తి, ఊరి రాజకీయం ఆయన వృత్తులు. వీటిలో మూడోదే అసలుది, మిగతా రెండూ దాన్ని పోషించడానికి. ఆటలో గద పట్టిన వీరుడు. అయితే ఆ గద తిప్పగా నేను చూసింది తక్కువ. ఏ రాజ్యంలో అడుగుపెట్టినా ముందు పంచాయితీ పెట్టిస్తాడు. డ్రాగన్ వచ్చి ఊళ్ళో కొంపలు తగలబెడుతున్నా సరే, "ముందుగాల ఊరోళ్లను పిలువుండ్రి, నాలుగు మాటలు మాట్లాడుదం" అంటాడు.

బట్టతలవాడు నా దోస్తు. డిగ్రీలో నా పక్క బెంచీ. బావకు పాలివాడు, అంటే స్వయానా బాబాయి కొడుకు. మా అక్కకు ఆ సంబంధం తెచ్చింది వాడే. హన్మకొండలో ఏదో ప్రైవేటు ఆఫీసులో పని, సెలవు దొరికితే ఊరికి పోయి పొలం గట్టు మీద నిలబడటం వాడి సుఖం. ఆటలో మంత్రగాడు. ఎన్నో మంత్రాలు నేర్చాడు గానీ ఒక్కటీ వాడడు. "ఇప్పుడే వాడితే రేపు ఎట్ల?" అని దాచుకుంటాడు. ఇంట్లో కొత్త దుప్పట్లు కూడా ఇలాగే దాస్తాడని వాళ్ళావిడ అంటుంది.

మూడోది టీచరక్క. దంతాలపల్లి దగ్గర బడిలో పాఠాలు చెబుతుంది, మహబూబాబాద్‌లో ఉంటుంది, రైలెక్కి కాజీపేటలో బండి మారి మా దగ్గరికి వస్తుంది. ఆటలో వైద్యురాలు. కత్తిపోటు తిని పడిపోయినవాడికి కట్టు కట్టేముందు "నీకెన్నిసార్లు చెప్పాలె?" అని ఒక పాఠం తీసుకుంటుంది. ఆ పాఠం వినలేక మా వాళ్ళు దెబ్బలు దాచిపెట్టుకుని తిరిగిన రోజులున్నాయి.

ఇలాంటి ముగ్గురికి శత్రువును తయారుచేసి పెట్టడం నా పని. ఇది ఎంత కష్టమో మాలాంటి చోట ఆట నడిపినవాళ్ళకే తెలుస్తుంది. మొదట్లో ఒక క్రూరుడైన జమీందారును పెట్టాను. మంచు కురిసే దేశం, పన్నెండు గుర్రాల బండి, కోట, మెలితిప్పిన మీసాలు. బావ మొహం మాడిపోయింది. "మా తాతను అంటున్నవా?" అన్నాడు. కథ జరిగేది మంచు దేశంలో బావా అన్నాను. "మంచు పడితే ఏంది? ఆ మీసాలు మా తాతవే" అన్నాడు. సరే అని తర్వాతి వారం ధాన్యం దాచిపెట్టి ఊరిని మాడ్చే ఒక వ్యాపారిని పెట్టాను. ఆ రోజు మా బాపు చాయ్ పట్టుకుని పైకి వచ్చి, గుమ్మంలో నిలబడి మొత్తం విని, చాయ్ ఇవ్వకుండానే కిందికి వెళ్ళిపోయాడు. పన్నులు పీడించే అధికారిని పెడితే టీచరక్కకు కోపం వచ్చింది, వాళ్ళాయన రెవెన్యూలో చేస్తాడు. అడవి దొంగలను పెడితే బావ లేచి కిటికీ మూశాడు. "అడివి జోలి వద్దు. మా భూపాలపల్లి దిక్కు అడివంటే కథ కాదు" అన్నాడు.

అన్నిటికన్నా పెద్ద రభస ఒక దొంగ నోట్లో మన తెలంగాణ మాట పెట్టినప్పుడు జరిగింది. సరదాగా ఉంటుందని వాడిచేత "ఏందిరా, ఏడికి వోతాన్రు" అనిపించాను. ముగ్గురూ ఒక్కసారి లేచారు. "సినిమాలల్ల దొంగలకు, పనోళ్లకు, తాగుబోతులకు మన మాట పెట్టిన్రు, ఊకున్నం. నువ్వు గూడ గట్లనేనా?" అని దోస్తు నిలదీశాడు. వాడన్నది నిజమే. నాకూ సిగ్గనిపించింది. అప్పటికప్పుడు ఆ దొంగను మూగవాడిని చేశాను. అప్పుడు కూడా వాడు ఎవరి తాలూకు అన్న చర్చ అరగంట నడిచింది.

అలా విసిగి వేసారి ఒకరోజు నియమాల పుస్తకం తిరగేస్తుంటే నింజా కనపడ్డాడు. ప్రాణం లేచివచ్చింది. కాలి నుంచి తల దాకా నల్లబట్ట, కళ్ళు తప్ప ఏమీ కనపడవు. ఇంటిపేరు లేదు. కులం లేదు. పార్టీ లేదు. నోరు విప్పడు కాబట్టి యాస లేదు. మా జిల్లాల్లో నింజాల సంఘమేదీ లేదు కాబట్టి దుకాణం ముందు టెంటు వేసుకుని కూర్చుని క్షమాపణ చెప్పమనేవాళ్ళు ఉండరు. ఎంతమందిని చంపినా ఎవరి తాతా కాడు. ఇంత నిష్పూచీ శత్రువు దొరికాక నాకు ఇంకేం కావాలి? ఎడాపెడా వాడుకున్నాను. కోట గోడ మీద నింజాలు, కొలువులో దూలాల మీద నింజాలు, ఒకసారి గడ్డివాములో కూడా నింజాలు.

మా వాళ్ళతో అది కూడా సులువుగా జరగలేదు. "చీకట్లో నింజా ఊళ్ళోకి వచ్చాడు" అని నేను గొంతు తగ్గించి చెబుతానా, బావ వెంటనే "కుక్కలు మొరగలేదా?" అంటాడు. నింజాను చూసి కుక్కలు కూడా మొరగవంటాను. "ఏ ఊరి కుక్కలయ్యా అవి? మా ఊర్ల కరెంటు లైన్‌మన్ వచ్చినా మొరుగుతయి." ఈలోగా టీచరక్క "ఎండకాలంల నల్లబట్టలేంది, వడదెబ్బ తగలదా?" అని అడుగుతుంది. అదీ దాటితే అసలు ప్రశ్న వస్తుంది. ఎవరు దొరికినా మా వాళ్ళు మొదట కొట్టరు, ముందు ఆరా తీస్తారు. "ఏ ఊరు నీది? ఎవలింటికొచ్చినవ్?" ఊరు చెబితే అక్కడ తెలిసినవాళ్ళు ఉంటారు. తెలిసినవాళ్ళు ఉంటే వరుస కలుస్తుంది. వరుస కలిసినవాణ్ణి గదతో కొట్టడం మర్యాద కాదు, చాయ్ పోయాలి. మాట్లాడనివాడు కాబట్టి నింజా ఈ గండం నుంచి బయటపడ్డాడు గానీ, లేకపోతే బావ వాడికి మా మండలంలోనే ఒక సంబంధం చూసేవాడు.

ఇంకో సంగతి కూడా గమనించాను. ఒక్క నింజా వస్తే ఆటలో అందరికీ వణుకు. గుంపుగా వస్తే ఎవరికీ లెక్కలేదు, ఒక్కొక్కడు ఒక్కో దెబ్బకు పడిపోతాడు. అదెందుకని ఒకసారి టీచరక్క అడిగితే, బావే జవాబు చెప్పాడు. "ఒక్కడొస్తే పనిమీద వచ్చినట్టు. గుంపుగ వస్తే మీటింగుకు లారీల తోలుకొచ్చినట్టు." అనుభవం మీద చెప్పిన మాట కాబట్టి ఎవరమూ కాదనలేదు.

ఇలా నడుస్తుండగా పంచాయతీ ఎన్నికలు వచ్చాయి.

బావ సర్పంచుకు నిలబడ్డాడు. దోస్తు కూడా నిలబడ్డాడు. అదే ఊరు, అదే వాడ, అదే ఇంటిపేరు. ఒకరికి ఉంగరం గుర్తు, ఒకరికి కత్తెర. ఎవరి వెనక ఎవరున్నారన్నది పెద్ద కథ, అది చెబితే ఈ నింజాల కథ ముగియదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. అన్నదమ్ముల ఓట్లు రెండుగా చీలిపోగా, ఎవరూ లెక్కలోకి తీసుకోని మూడో ఆయన హాయిగా గెలిచి, ఇద్దరి ఇళ్ళకూ వచ్చి మిఠాయి ఇచ్చి పోయాడు. ఓడిన ఇద్దరూ ఆయనతో ఇప్పటికీ బాగానే మాట్లాడతారు. వాళ్ళిద్దరికే మాటల్లేవు.

మా దిక్కు "మాటల్లేవు" అంటే ఏమిటో బయటివాళ్ళకు చెప్పాలి. అది ఊరికే అలగడం కాదు. దానికి ఒక పద్ధతుంది. ఎదురుపడితే మొహం తిప్పుకోరు, మనిషి అక్కడ లేనట్టు చూస్తారు. ఒకే పెళ్ళికి ఇద్దరూ వెళతారు గానీ ఒకే బంతిలో కూర్చోరు. తప్పనిసరి పనులు పడితే మూడో మనిషిని నడుమ పెట్టుకుని "ఆయనకు చెప్పు" అంటారు. ఆయన పక్కనే నిలబడి అంతా వింటుంటాడు, అయినా మూడో మనిషి మళ్ళీ చెప్పేదాకా విననట్టే లెక్క. ఎవరు ముందు నోరు విప్పితే వాళ్ళు ఓడినట్టు. పోలింగులో ఓడినా ఫరవాలేదు గానీ ఇక్కడ ఓడకూడదు.

ఎన్నికల తర్వాత ఆట ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. బావ మానేస్తే దోస్తు గెలిచినట్టు, దోస్తు మానేస్తే బావ గెలిచినట్టు. కాబట్టి ఇద్దరూ మునుపటికన్నా క్రమం తప్పకుండా రాసాగారు. ఇదివరకు ఒకే కారులో వచ్చేవాళ్ళు. ఇప్పుడు బావ కారులో, వాడు బస్సులో. బల్లకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. నడుమ నేను.

అప్పటినుంచి ఆట ఎలా నడిచిందంటే, గుహలో ముందు తలుపు మూసి ఉంటుంది. బావ నా దిక్కు తిరిగి, "ఆ మంత్రగానికి చెప్పు, జర తలుపు తెరువమని" అంటాడు. నేను అటు తిరిగి, "తలుపు తెరవమంటున్నాడు" అంటాను. దోస్తు నాతో, "గద ఉన్నోళ్లు పగులగొట్టుకోవచ్చు గద, అని చెప్పు" అంటాడు. నేను ఇటు తిరిగి అది చెబుతాను. ఒక్క తలుపు దగ్గర సగం మధ్యాహ్నం గడిచేది. అవతల రాక్షసుడు మా కోసం ఎదురుచూసి ఎదురుచూసి నిద్రపోయి ఉంటాడు. టీచరక్క పరీక్ష పేపర్లు తెచ్చుకుని దిద్దుకోవడం మొదలుపెట్టింది. నాకు మెడ పట్టేసింది.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది, అక్క ఫోన్ చేసేదాకా.

వాళ్ళ రెండు కుటుంబాలకు పొలాల నడుమ ఒక పొత్తుల బావి ఉంది. తాతల నాటి ఉమ్మడి బావి. అందులో ఉమ్మడిగా వేసుకున్న మోటరు. వంతులవారీగా పారించుకుంటారు. యాసంగి వరి, అంటే రబీ పైరు, పొట్టకు రాబోయే సమయంలో ఆ మోటరు కాలిపోయింది. మామూలుగా అయితే ఒకరోజు పని. బావిలోంచి ఎత్తించి, పరకాలకు పంపి, వైండింగు చేయించి దించడమే. కానీ పొత్తుల మోటరును ఒకరికి చెప్పకుండా ఇంకొకరు ముట్టుకోవద్దు. ముట్టుకుంటే అది తనదే అన్నట్టు. మెకానిక్ వచ్చాడు, బావిలోకి తొంగి చూశాడు, ఇద్దరూ చెరో గట్టు మీద నిలబడి చెరో దిక్కు చూస్తుండటం చూశాడు. "మీరిద్దరు మాట్లాడుకోన్రి. ఇద్దరు చెప్తెనే నేను చెయ్యి పెడుత, రేపు మీ నడుమ నేను ఇరుకుత" అని సామాను సర్దుకుని పోయాడు. ఊళ్ళో పెద్దమనుషులు నడుమ పడదామని చూశారు. ఇద్దరూ ఎన్నికల్లో ఆ పెద్దమనుషులు ఎవరికి ఓటేశారో గుర్తుపెట్టుకుని ఉన్నారు, ఒకరికి నచ్చినాయన ఇంకొకరికి నచ్చడు.

"పొలం నెర్రెలు వెడుతాంది తమ్మీ" అంది అక్క ఫోన్లో. "ఆయన పొద్దుగాల లేచి గట్టు మీద నిలవడి చూత్తాండు, అన్నం తింటలేడు. అటు వాడు గూడ హన్మకొండకు పోతలేడట, గట్టు మీదనే ఉంటాండట. ఇద్దరు చూసుకుంట నిలవడుతాన్రు గని ఒక్క మాట వత్తలేదు. నీ ఆటల నువ్వు చెప్పిందే గద నడిచేది. ఏదన్న జేసి ఒక్క మాట అనిపియ్యి. ఎవలన్నా సరే. ఒక్క మాట."

అక్క ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త తేలికగా ఉండేది. చేతికి రావలసిన పంట కళ్ళముందు ఎండిపోవడమంటే ఏమిటో ఎరువులు అమ్ముకుని బతికేవాడికి వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజంతా దుకాణంలో నాకు ఏ పనీ నడవలేదు. ఎవరో జింకు అడిగితే పొటాష్ ఇచ్చాను. మా బాపు తిట్టాడు.

సాయంత్రానికి నాకు నింజా గుర్తొచ్చాడు.

ఆదివారం నలుగురం కూర్చున్నాక, నియమం ఒకటి మారుతుందని చెప్పాను. ఈ దేశపు నింజాలు ఎప్పుడూ వెనక నుంచే వస్తారు. ఎవరి వెనక నిలబడితే వాళ్ళకు కనపడరు, ఎదురుగా ఉన్నవాళ్ళకే కనపడతారు. చూసినవాళ్ళు అరిచి చెప్పాలి. ఆ అరుపు నేరుగా ఉండాలి. నాతో చెప్పించుకుంటే, నేను మాట మోసుకుపోయే లోపు ఒక వంతు పోతుంది, కత్తి దిగుతుంది. ఈ చివరి వాక్యం నేను మామూలుగానే అన్నాననుకుంటాను. టీచరక్క మాత్రం చేతిలో పేపరు పక్కన పెట్టి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. బడిలో ఎవడు కప్ప తెచ్చాడో కనిపెట్టే చూపు అది. ఆమె అరిచి నా పని చెడగొడుతుందేమోనని ఆమె వైద్యురాలిని ముందే ఇంకో గదిలో పెట్టి గడియ వేయించాను.

పాత కోట. కొలువు మధ్యలో బావ గద పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా దూరంగా మంత్రగాడు. "మంత్రగాడికి ఒక్కడికే కనిపిస్తోంది" అన్నాను. "వీరుడి వెనక, స్తంభం చాటు నుంచి ఒక నింజా బయటికి వచ్చాడు. ఒక్కడే. కత్తి దూశాడు."

బావ అంతా విన్నాడు, కానీ ఆట ప్రకారం విననట్టే లెక్క. విననట్టు కూర్చోవడం ఆయనకు ఎన్నికల తర్వాత బాగా అలవాటైంది. కిటికీలోంచి వినపడే బస్సుల హారన్లను శ్రద్ధగా వింటున్నాడు.

దోస్తు గొంతు సవరించుకున్నాడు. నా దిక్కే తిరిగాడు. "ఆయనకు చెప్పు, వెనక..."

"నేను చెప్పను. వంతు పోతుంది."

"మరి ఎట్ల?"

"నేరుగా అరువు. 'అన్నా' అను, చాలు. ఆయన తప్పుకుంటాడు."

వాడు బావ దిక్కు చూశాడు. వాడి నోరు తెరుచుకుంది. ఇంత చిన్న మాట, చిన్నప్పటినుంచి రోజుకు ఎన్నిసార్లు పిలిచాడో. అది గొంతు దాకా వచ్చిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. వచ్చి, అక్కడే ఆగింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. నోరు మూసుకున్నాడు.

"నింజా నడుస్తున్నాడు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "కత్తి ఎత్తాడు."

దోస్తు పాచిక అందుకున్నాడు. "నేను నడుమకు ఉరుకుత" అన్నాడు.

"ఏమిటి?"

"ఆయనకూ కత్తికీ నడుమకు ఉరుకుత. గా పోటేదో నాకే తగలనియ్యి."

"మంత్రం వెయ్యరా. అన్ని దాచిపెట్టుకున్నావు కదా."

"మంత్రానికి నోరు విప్పాలె గద. ఇయ్యాల నోరు విప్ప" అన్నాడు, పాచిక దొర్లించాడు.

పరుగు ఫలించింది. కత్తి ఫలించింది. ఎన్నో ఏళ్ళు మంత్రాలు కూడబెట్టుకున్న మంత్రగాడు ఒక్క మంత్రమైనా వాడకుండా, ఒక్క మాటైనా అనకుండా, అన్న కాళ్ళ దగ్గర పడి చచ్చిపోయాడు. దోస్తు తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నాకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. చావడానికి సిద్ధపడ్డాడు గానీ పిలవడానికి సిద్ధపడలేదు. ఇలాంటి మొండి మనుషులతో పొలాలు పండుతాయా, ఊళ్ళు బాగుపడతాయా అని కడుపు మండిపోయింది. పన్నాగం తలకిందులైంది, అక్కకు ఏం చెప్పాలి అనుకుంటూ నా కాగితాలు సర్దుకోబోయాను.

అప్పుడు బల్ల మీద దెబ్బ పడింది. పాచికలు ఎగిరి కింద పడ్డాయి. బావ లేచి నిలబడి ఉన్నాడు.

"ఏం రా! నోట్లె ఏం వెట్టుకున్నవ్? సచ్చేటోనివి ఒక్క మాట అనరాదా? 'అన్నా' అంటే నీ ముల్లె పోతదా?"

బావ తను ఏం చేశాడో తనకే తెలియనట్టు చెయ్యి గాలిలో పెట్టుకుని ఉన్నాడు. దోస్తు మెల్లగా తలెత్తాడు.

"నువ్వు నాతోని మాట్లాడుతాన్నవా అన్నా?"

"నీతోని గాక గీ నింజాగానితోనా?"

ఇక చూడాలి. నెలల తరబడి కట్టేసిన మాటలన్నీ ఒక్కసారి తెగిపడ్డాయి. నువ్వు నిలవడుతున్నవని నాకు చెప్పినవా అని ఒకరు. నువ్వు నిలవడుతున్నవని నేను గోడమీద పోస్టరు చూసి తెలుసుకున్న, తోడబుట్టినట్టు పెరిగినోన్ని పోస్టరు చూసి తెలుసుకోవాల్నా అని ఇంకొకరు. నామినేషను నాడు నా ఇంటి ముందునుంచి డప్పులు కొట్టుకుంట పోయినవ్. నీ ఇల్లే దారిల ఉంటే నన్నేం జెయ్యమంటవ్. నీ బ్యాలెట్టు నమూనాలు నా పత్తి చేన్ల పారేసిన్రు. అవి గాలికి కొట్టుకొచ్చినయ్. పోస్టర్లు, డప్పులు, గాలి, పత్తి, అన్నీ అయిపోయాక ఇద్దరి కోపం తిరిగి తిరిగి ఒక్క చోటికే వచ్చింది. ఒక్క మాట చెప్పి ఉంటే నేను నిలబడేవాణ్ణే కాదు అని ఇద్దరూ ఇద్దరితో అన్నారు. నాకు అప్పుడు అర్థమైంది. వీళ్ళ కొట్లాట సర్పంచు కుర్చీ కోసం కాదు. నాకు ఎందుకు చెప్పలేదు అన్న దుఃఖం అది, ఇద్దరికీ సమానంగా ఉంది.

చప్పుడుకు మా బాపు పైకి వచ్చాడు. "కింద గిరాకీ ఉన్నది, లెక్క తేలలేదా?" అన్నాడు. ఎవరూ జవాబు చెప్పకపోతే, ఇది నిజంగానే లెక్క తేలని వ్యవహారమని గ్రహించి తలుపు దగ్గరగా వేసి దిగిపోయాడు.

ఎప్పటికో ఇద్దరూ అలిసిపోయి కూర్చున్నారు. ఈసారి ఒకే పక్కన. బావ సీసాలో నీళ్ళు సగం తాగి మిగతాది పక్కకు జరిపాడు. దోస్తు తాగాడు. "మోటరు..." అన్నాడు దోస్తు. "రేపే ఎత్తిద్దాం" అన్నాడు బావ. ఇంతే. దీనికోసమా పొలం నెర్రెలు పెట్టింది అని నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అక్కడితో ఆగితే బాగుండేది. బావ మాత్రం నేల మీది పాచికలు ఏరుతూ, "అది సరే గని, వాని ముసుగు తీయి" అన్నాడు.

"ఎవరి ముసుగు?"

"ఆ నింజాగాని ముసుగు. మా తమ్మున్ని పొడిచినోడు. ఎవడు పంపిండు వాన్ని?"

నింజాల్లో నాకు నచ్చిందే అది, వాళ్ళను ఎవరూ పంపనక్కర్లేదు, వస్తారు, చస్తారు. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. అన్నదమ్ములకు ఒకే రకం కళ్ళని అంతకుముందు నేను గమనించలేదు. టీచరక్క కిటికీ దిక్కు తిరిగి నవ్వు ఆపుకుంటోంది.

"నేరుగ అరవాలె అన్న నియమం ఇయ్యాలనే ఎందుకు వచ్చింది?" అన్నాడు దోస్తు నిదానంగా.

"టీచరక్కను ఎందుకు గడియేసి లోపట పెట్టినవ్?" అన్నాడు బావ.

"మా వదినె ఫోన్ చేసిందిరా నీకు?"

నేను తల దించుకున్నాను. బావ లేచి చెప్పులు వేసుకున్నాడు. "అంటే మా ఇంటి ముచ్చట ఆటల పెట్టినవన్నట్టు. మమ్ముల బొమ్మలాడిచ్చినవన్నట్టు." నా దిక్కు చూడకుండా, "పా తమ్మి" అన్నాడు. ఇద్దరూ మెట్లు దిగారు. కిందికి పోయి చూద్దును గదా, ఒకే కారు ఎక్కారు. దోస్తు కొనుక్కున్న తిరుగు టికెట్టు బల్ల మీదే ఉంది. నాకు మాత్రం పోయొస్తమని కూడా చెప్పలేదు.

మర్నాడే మోటరు ఎత్తించారని అక్క ఫోన్ చేసి చెప్పింది. చివరి మడులు అప్పటికే చేతికి రాకుండా పోయాయి, మిగతాది తేరుకుంది. ఆమె గొంతులో ఊపిరి తిరిగింది. "నువ్వు మంచిగ జేసినవ్ తమ్మీ" అని, కాస్త ఆగి, "మీ బావ నీతోని మాట్లాడడట" అంది.

రెండు ఆదివారాలు గదిలో నేనూ టీచరక్కా పాచికలూ మాత్రమే. మూడోసారి ఆమె రాలేదు, ఫోన్ చేసింది.

"మీ బావ నీకు చెప్పమన్నడు, వరి పొట్టకొచ్చిందట. మీ దోస్తు చెప్పమన్నడు, మంత్రగాడు సచ్చింది మోసంతోని కాబట్టి లెక్కకు రాదట. వాన్ని లేపితెనే ఆటకు వస్తరట."

"ఇద్దరూ విడివిడిగా ఫోన్ చేశారా అక్కా?"

"లేదు, ఒక్క ఫోన్లనే. ఒకాయన మాట్లాడుతాంటే ఇంకొకాయన పక్కనుంచి అందిస్తాండు."

సంతోషమేసింది, దానికి వేరే పేరు లేదు. దాని వెనకే పౌరుషం కూడా వచ్చింది. "వాళ్ళకు చెప్పక్కా" అన్నాను, "చచ్చినవాడు లేవడు. నియమం నియమమే. కావాలంటే నన్నే అడగమను."

"నేను చెప్ప" అంది టీచరక్క. "నాతోని చెప్పిస్తే వంతు పోతది. నేరుగ అరువు." ఫోన్ పెట్టేసింది.

బావ నంబరు తెర మీదికి తెచ్చాను. ఆయన పెద్దవాడు కాబట్టి ఆయనే ముందు మాట్లాడాలి, తప్పు చేయనివాణ్ణి నేనెందుకు తగ్గాలి అని నాలో ఒకడు అప్పటికే వాదన మొదలుపెట్టాడు. వాడికి ఉంగరమో కత్తెరో ఇస్తే వెంటనే నామినేషను వేసేట్టు ఉన్నాడు. వాడు వాదిస్తుండగానే నేను మీట నొక్కాను.

బావ ఎత్తాడు. హలో అనలేదు. నేనూ అనలేకపోయాను. అవతల కాలువలో నీళ్ళు పడుతున్న చప్పుడు ధారగా వినిపిస్తోంది. అది వింటూ ఉండిపోయాను.

దూరం నుంచి దోస్తు గొంతు వచ్చింది. "ఎవలు అన్నా, ఫోన్ల?"

"ఎవడో నింజాగాడు తమ్మి" అన్నాడు బావ. "ఎనకనుంచి వచ్చిండు. నోరు లేదు."

"బావా" అన్నాను.